పేస్టు కింది పేరు

బాపట్ల నుంచి వచ్చిన ఝాన్సీ టీచరు పాత లాప్‌టాప్‌ని విప్పి, దాని ప్రాసెసరు మీద వేడి లాగేందుకు పూసి ఎండిపోయిన పేస్టు తుడవబోతున్న రిజ్వాన్ దగ్గర కిందటిసారి మనం ఆగాం. మిషను కుంపటిలా కాలుతోంది, పావుగంటకోసారి ఆగిపోతోంది, శుభ్రం చేసి ఇంతకన్నా వేగమైన ప్రాసెసరు వెయ్యండి అని ఆవిడ అడిగింది. రిజ్వాన్ హైదరాబాదు నుంచి ఒక పాత పెంటియం ప్రాసెసరు తెప్పించి సిద్ధంగా పెట్టుకున్నాడు. తెనాలి బోసురోడ్డులోని ఆ షాపు ఇంకా ప్రకాశరావుగారిదే. వచ్చే శుక్రవారం ఆయన దాన్ని రిజ్వాన్ పేర రాసి ఇవ్వబోతున్నారు. నాలుగేళ్ళ కిందటి దాకా ఆయన దగ్గర ఇద్దరు శిష్యులుండేవారు. రెండోవాడు ముజీబ్, రిజ్వాన్‌కి పెద్దమ్మ కొడుకు. ఒక ప్రాసెసరు దొంగిలించాడన్న మాట పడి ముజీబ్ గడప దిగాడు. రిజ్వాన్ మిగిలాడు.

పేస్టు ఆరిన సున్నంలా పెచ్చులు పెచ్చులుగా లేచింది. దూదిని స్పిరిటులో ముంచి, రిజ్వాన్ ప్రాసెసరు నడినెత్తిని మెల్లగా రుద్దుతున్నాడు.

"ఏంటండీ, దాని గుండెకాయ తీసి అరచేతిలో పెట్టుకున్నారు! నాకు భయమేస్తోంది" అంది ఝాన్సీ, ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుని.

"గుండె కాదు మేడం, బుర్ర."

"బుర్రైతే మరీ భయం. మా నాన్న బసవలింగం దీన్ని పంపుసెట్టు అంటాడు. ఆ ఫ్యాను మోతకి. చీరాల్లో మా మగ్గాలకి అంచుల డిజైన్లన్నీ ఇందులోనే గీస్తాను. నెమలి తోక సగం గీసేసరికి టప్పున ఆగిపోతుంది. ఇలాగే ఉంటే ఇహ తోకలేని నెమళ్ళు నేసుకోవాల్సిందే."

రిజ్వాన్ నవ్వాడు. నవ్వుతూనే ప్రాసెసరుని ట్యూబులైటు కిందికి ఎత్తి పట్టుకున్నాడు. అద్దంలాంటి ఆ నల్లటి చదరం మీద, వెలుతురు ఒక వాలులో పడితేనే కనిపించే సన్నటి అక్షరాలుంటాయి. ప్రాసెసరుకి అదే పేరు, అదే ఊరు. అక్షరాలు మెల్లగా తేలాయి.

అతని పెదవుల మీద నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని తీసెయ్యడం మరిచిపోయిన మనిషిలా ఉన్నాడు.

ఝాన్సీ మిషను మూత మీద సెలెరాన్ అన్న స్టిక్కరు ఉంది. సెలెరాన్ చవకరకం. చేతిలోని ప్రాసెసరు మీద ఉన్న కోడు సెలెరాన్‌ది కాదు. ఆ కోడు రిజ్వాన్‌కి కంఠతా వచ్చు. నాలుగేళ్ళ కిందట ఆ కోడు కోసమే షాపులో ప్రతి డబ్బా బోర్లించి వెతికారు. ముజీబ్ జేబులు కూడా వెతికారు.

బల్ల మీద హైదరాబాదు నుంచి వచ్చిన ప్రాసెసరు ఉంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. కవల పిల్లలు. వెయ్యబోతున్నదీ తీసినదీ ఒకటే రకం.

మిషనుని ముందు ఆన్ చేసి చూసుంటే లోపలున్నది ఏమిటో తెర మీదే తెలిసేది. కానీ అది ఎలాగూ కాలి ఆగిపోయేదే కదా అని స్టిక్కరు చూసి ఊరుకున్నాడు. స్టిక్కరుని నమ్మడం తేలిక.

ప్రాసెసరు వేడిని పీల్చుకునే రాగిపలకని ఇప్పుడు వెనక్కి తిప్పాడు. తిప్పకముందే అక్కడేముంటుందో అతని వేళ్ళకి తెలిసినట్టుంది. ఆ షాపులో ఎవరు ప్రాసెసరు బిగిస్తే వాళ్ళు రాగిపలక వెనక మార్కరుతో తేదీ వేసి, తమ పేరులో మొదటి అక్షరం రాయాలి. అది ప్రకాశరావుగారి నియమం. "పనికి సంతకం ఉండాల్రా. సంతకం లేని పని అనాథ" అనేవారు.

22-7-05. రి.

తన చేతిరాతే. గుడి దీర్ఘంలా సాగిపోయే ఆ గుడి, ఇప్పటికీ అలాగే రాస్తాడు.

గోడమీద ఫ్యాను తిరుగుతోంది. ఆ చప్పుడు కాసేపు వినిపించలేదు.

"ఏమైందండీ? పాడైందా?"

"లేదు మేడం" అన్నాడు. తన గొంతు తనకే పక్కింట్లోంచి వచ్చినట్టుంది. "ఇది… ఇది మీ మిషన్లో ఉండాల్సింది కాదు. నాలుగేళ్ళ కిందట మా దగ్గర శుభ్రం చేయించారు కదా. అప్పుడు నేను వేరేవాళ్ళది దీంట్లో పెట్టేశాను."

ఝాన్సీ ఒక్క క్షణం ఆలోచించి, పెద్దగా నవ్వింది. "అదా సంగతి! అప్పుడు మీ దగ్గర బాగుచేయించాక రెండేళ్ళు గుర్రంలా పరిగెత్తిందండీ ఇది. తెనాలి కుర్రాడి చేతి చలవ అని మా నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. దుమ్ము పట్టాకేగా ఈ తిప్పలు. పొరపాటైతే అయింది, మాకు మంచే జరిగిందిగా!"

మంచే జరిగింది. ఆ మాట రిజ్వాన్‌ని ఎక్కడ తాకిందో ఆవిడకి తెలిసే వీలు లేదు.

హైదరాబాదు ప్రాసెసరుని సాకెట్లో ఉంచి, స్క్రూడ్రైవరుతో తాళం అరచుట్టు తిప్పాడు. అక్షరాలు పైకి చదివాడు, బడిపిల్లాడిలా. ఆ తర్వాతే పేస్టు పూశాడు. మిషను చల్లగా, చప్పుడు లేకుండా లేచింది. ఝాన్సీ నెమలి తోక మొత్తం గీసి చూసుకుని, సంచిలో సర్దుకుని వెళ్ళిపోయింది.

పాత ప్రాసెసరు బల్ల మీద మిగిలింది. పిన్నులు వంగకుండా నల్ల స్పాంజి ముక్కలో గుచ్చి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు అతని కళ్ళు ముజీబ్ స్టూలు మీద పడ్డాయి. నాలుగేళ్ళుగా దాని మీద చచ్చిపోయిన మదర్‌బోర్డులు పేర్చి పెడుతున్నాడు. చోటు చాలక అనుకునేవాడు. ఎవరూ కూర్చోకుండా అని ఇప్పుడు తోచింది.

షట్టరు దించి స్టేషనుకి నడిచాడు. రేపల్లె ప్యాసింజరు కదలబోతోంది.

*

చినరావూరు దాటాక కిటికీ పక్కన సీటు దొరికింది. కాలవలో నీళ్ళు నిండుగా ఉన్నాయి. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి బండిని చూస్తున్నారు. రిజ్వాన్ వాళ్ళని చూడటంలేదు. ఒక శుక్రవారాన్ని చూస్తున్నాడు.

ఆ రోజు బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, ఒకే కంపెనీ, ఒకే అచ్చు. ఒకటి ఝాన్సీ టీచరుది, చవక ప్రాసెసరు. రెండోది దుగ్గిరాల పసుపు వ్యాపారి హనుమయ్యది, ఖరీదైన ప్రాసెసరు. రెండూ దుమ్ము పట్టి వచ్చినవే. ప్రాసెసర్లు తీసి, తుడిచి, తిరిగి పేస్టు పూసి బిగించాలి. తుడిచే పని రిజ్వాన్‌ది. బిగించేది చెరొకటి.

ప్రకాశరావుగారికి ఇంకో నియమం ఉంది. బిగించు, చదువు, అప్పుడు పూయి. పేస్టు పడితే అక్షరాలు మూసుకుపోతాయి. తర్వాత ఏ ప్రాసెసరు ఏదో దేవుడికి కూడా తెలీదు.

జుమా నమాజుకి వేళయింది. ముజీబ్ అప్పటికే కాళ్ళు కడుక్కుని గడపలో నిలబడి, "అరే రిజ్జూ, అజాన్ అయిపోయింది! ఇమాంసాబు నీకోసం ఆగుతాడా?" అని కేకేస్తున్నాడు. వచ్చాక పని తేలికవుతుందని రిజ్వాన్ రెండిటికీ ముందే పేస్టు పూసేశాడు. రెండు టీ సాసర్లలో, కిటికీ గట్టు మీద. కుడివైపు హనుమయ్యది, ఎడమవైపు ఝాన్సీది.

నమాజు నుంచి వచ్చేసరికి కరెంటు లేదు. వెలుతురు కోసం ఇద్దరూ మిషన్లని గడప దగ్గరికి లాక్కున్నారు. వెళ్ళేముందు రిజ్వాన్ వీధివైపు తిరిగి కూర్చున్నాడు. వచ్చాక లోపలివైపు తిరిగి కూర్చున్నాడు. సాసర్లు మాత్రం కదల్లేదు. మనిషి తిరిగాడు. కుడి ఎడమైంది.

అంతే. నాలుగేళ్ళ సంగతి అంతే. ఒక మనిషి ఇటు కూర్చోవలసినవాడు అటు కూర్చున్నాడు.

కానీ అంతేనా? వేమూరు స్టేషనులో బండి ఆగినప్పుడు రిజ్వాన్ తనని తాను అడుగుతున్నది అది కాదు. కుడి ఎడమ కావడం పొరపాటు. ఆ తర్వాతది?

వారం తిరక్కుండా హనుమయ్య దూసుకొచ్చాడు. విజయవాడలో ఎవరో మిషను విప్పి, లోపల చవక ప్రాసెసరు ఉందని చెప్పారట. "షాపు పెట్టుకుని దొంగతనాలేంట్రా! దీనికన్నా కన్నాలెయ్యండి, గౌరవంగా ఉంటుంది!" అని బోసురోడ్డంతా వినబడేలా అరిచాడు. ప్రకాశరావుగారు ఇద్దరినీ నిలబెట్టారు. ఆ మిషను రాగిపలక వెనక "ము" అని ఉంది. ఆయన ముందు రిజ్వాన్ వైపు తిరిగారు.

"ప్రాసెసర్లు తుడిచింది నువ్వు. చదివాకే పూశావా?"

"అవునండి."

ఆ అవునులో దొంగతనం లేదు. కుట్ర లేదు. నియమం తప్పినందుకు తిట్లు పడతాయన్న భయం మాత్రమే ఉంది. అంత చిన్న అబద్ధం. కానీ ఆ అవునుతో రిజ్వాన్ బయటికి వచ్చేశాడు, ముజీబ్ లోపల ఉండిపోయాడు. చదివాకే పూస్తే ప్రాసెసరు సరైనదే, సరైనది ముజీబ్ చేతికి అందింది, మిషన్లో లేదు. ఇక మిగిలింది ఒక్క జేబే.

ముజీబ్ అప్పుడు ఏమీ అనలేదు. రిజ్వాన్‌ని చూశాడు. అంతసేపు ఎవరూ ఎవర్నీ చూడరు. రిజ్వాన్ ఆ చూపుని దొంగ చూపని చదువుకున్నాడు. అలా చదువుకోవడం అతనికి అవసరమైంది. రెండు రోజులు గడిచేసరికి ఆ అవును అతనికే నిజమైపోయింది. చదివినట్టు, చదివి పూసినట్టు, స్పష్టంగా జ్ఞాపకం కూడా ఏర్పడింది. జ్ఞాపకంలో ఆ అక్షరాలు మెరిసేవి. ఎంత మెరిసేవంటే, ఈ రోజు ఉదయం దాకా అవి తను చూడని అక్షరాలని అతనికి తెలీదు.

భట్టిప్రోలు దాటాక ఎదుటి సీటు పెద్దాయన "ఎందాకా బాబూ?" అని అడిగాడు. "రేపల్లె" అని, రిజ్వాన్ జేబు మీద చెయ్యి వేసి ప్రాసెసరు ఉందో లేదో చూసుకున్నాడు.

*

రేపల్లె స్టేషను రోడ్డులో ముజీబ్ కొట్టు చూసుకోకపోతే దాటిపోయేంత చిన్నది. ఒక మనిషి కూర్చోవచ్చు, ఇంకో మనిషి నిలబడవచ్చు. సెల్‌ఫోన్లు, చార్జర్లు, నిజాంపట్నం బోట్ల వైర్‌లెస్ సెట్లు బాగుచేస్తాడు. కంప్యూటర్లు ముట్టుకోడు. ముట్టుకోనివ్వరు అని మొదట్లో ఎవరో చెప్పారు.

నిలబడే చోటులో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. బోటు మనిషి, లూకా.

"ఇది పలకదేం ముజీబూ? సముద్రంలోకెళ్ళాక నా పెళ్ళాంతో మాట్లాడాలంటే ఇదే గతి."

"పలక్కపోవడం నీకు మంచిదే బాబాయ్. పిన్నికీ మంచిదే."

"నీకు పెళ్ళయి ఎన్నాళ్ళైందిరా ఇంత తెలివొచ్చిందీ?"

నవ్వుతూ తలెత్తిన ముజీబ్ రిజ్వాన్‌ని చూశాడు. నవ్వు వెంటనే పోలేదు. కొంచెం కొంచెంగా, కూర్చున్న చోటునుంచి లేచి వెళ్ళినట్టు వెళ్ళింది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ముప్ఫై రెండేళ్ళే.

"ఏంట్రా, దారి తప్పావా?"

"నీకోసమే వచ్చాను భాయ్."

"ఎవరు ఈ అబ్బాయి?" అన్నాడు లూకా.

"మా పిన్నమ్మ కొడుకు. తెనాల్లో పెద్ద షాపు."

"పోలికలు లేవే!"

"మొహాల్లో లేవులే. బాబాయ్, కాసేపు టీ తాగి రా. నీ సెట్టు పలికిస్తాను."

లూకా ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్ళాడు. రిజ్వాన్ జేబులోంచి స్పాంజి ముక్క తీసి బల్ల మీద పెట్టాడు.

ముజీబ్ ప్రాసెసరుని స్పాంజిలోంచి లాగాడు. అంచులు మాత్రమే పట్టుకున్నాడు, చేతికి నాలుగేళ్ళు తగలనట్టు. ఎండలోకి వాల్చాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎక్కడ దొరికింది?"

"ఝాన్సీ టీచరు మిషన్లో. ఆ రోజు మన బల్ల మీద రెండోది. రాగిపలక వెనక నా అక్షరమే ఉంది." రిజ్వాన్ ప్రాసెసరునే చూస్తూ చెప్పాడు. "నేను ముందే పేస్టు పూశాను భాయ్. చదవలేదు. కుడిది ఎడమకి పెట్టాను. హనుమయ్య మిషన్లో నువ్వు బిగించింది టీచరుది. నేనే నీ చేతికిచ్చాను."

ముజీబ్ ప్రాసెసరుని తిప్పి పిన్నుల వైపు చూశాడు.

"సార్ అడిగితే చదివాననే చెప్పాను. తిడతారని. ఆ తర్వాత… ఆ తర్వాత నిజంగా చదివాననే అనుకున్నాను. నువ్వు తీశావనే అనుకున్నాను. ఒట్టు."

"ఆగు" అన్నాడు ముజీబ్. ప్రాసెసరుని బల్ల మీద పెట్టాడు. "ఆగరా. అంటే… ఇది పొరపాటా?"

రిజ్వాన్ చెంప మీద దెబ్బకి సిద్ధంగా ఉన్నాడు. ఈ ప్రశ్నకి సిద్ధంగా లేడు.

"పొరపాటే భాయ్. మరేమిటి?"

ముజీబ్ అతని మొహంలోకి చూస్తున్నాడు. నాలుగేళ్ళ కిందట చూసిన చూపు. అది దొంగ చూపు కాదని రిజ్వాన్‌కి ఇప్పుడు కనబడింది. అందులో జాలి ఉంది. జాలి మెల్లగా చెదిరిపోతోంది, దాని కింద ఏమీ లేదు.

"నువ్వు పేస్టు పూస్తుంటే నేను గడపలోంచి చూశాను" అన్నాడు ముజీబ్. "చదవకుండా పూస్తున్నావు. వీడేంటి ఇలా చేస్తున్నాడనుకున్నాను. వారం తర్వాత సార్ అడిగితే అవునన్నావు. పచ్చి అబద్ధం. ఎందుకాడతాడు? మీ అమ్మ, ఖాలా, అప్పుడు గుంటూరు ఆసుపత్రిలో ఉంది. ఆపరేషను. అన్నీ కలిపి చూసుకున్నాను. కలిసిపోయాయి."

"ఏం కలిసిపోయాయి?"

"నువ్వే తీశావనుకున్నాను."

రిజ్వాన్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లోపల లేచింది పశ్చాత్తాపం కాదు. కోపం. దాన్ని చూసి తనే నిర్ఘాంతపోయాడు, కానీ నోరు అప్పటికే తెరుచుకుంది.

"నన్ను దొంగననుకున్నావా?"

"నన్ను నువ్వనుకోలా?"

రోడ్డు మీద ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది. ఆ చప్పుడు ఇద్దరి మధ్యలోంచి పోయినట్టుంది.

"నోరు మూసుకున్నాను" అన్నాడు ముజీబ్. గొంతు పెంచలేదు. "ఖాలా బతకాలి, వీడి పేరు పోతే ఆవిడ ఆ మంచం మీదే పోతుంది అనుకున్నాను. జేబులు వెతికించుకున్నాను. అమ్మీ నన్ను మూడు నెలలు పలకరించలేదు. షబ్నం వాళ్ళ నాన్న నిశ్చితార్థం రద్దు చేసుకుంటానన్నాడు, ఆ పిల్ల మొండికేసింది కాబట్టి పెళ్ళయింది. ఈ బజారులోకొచ్చిన కొత్తలో, వెనకాల దొంగ అన్న మాట వినబడితే నాకు నొప్పేసేది కాదురా. తెలుసా? నొప్పేసేది కాదు. లోపల నాకొకటి ఉండేది. నేనొక మనిషిని కాపాడాను అని. పడుకునేముందు దాన్ని తీసి చూసుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు నువ్వొచ్చి, కుడిది ఎడమకి పెట్టానంటున్నావు."

"భాయ్…"

"తీసుంటే బాగుండేది" అన్నాడు ముజీబ్. "నువ్వు నిజంగా తీసుంటే బాగుండేదిరా."

రిజ్వాన్ కొట్టు గుమ్మాన్ని పట్టుకున్నాడు. నువ్వు నిర్దోషివని చెప్పడానికి వచ్చాడు తను, ముజీబ్ చేతిలో అతని మంచిపేరు తిరిగి పెట్టడానికి. ముజీబ్ దగ్గర అంతకన్నా పెద్దది ఒకటి ఉందనీ, తను పెట్టేటప్పుడు దాన్ని లాక్కున్నాడనీ అతనికి ఎలా తెలుస్తుంది? ఒక దొంగని క్షమించవచ్చు. సాసర్లు చూసుకోని మనిషిని ఏం చెయ్యాలి?

ఇంకోటి కూడా తెలిసింది, ఆలస్యంగా, మెడ వెనకనుంచి వచ్చినట్టు. నాలుగేళ్ళుగా తను ముజీబ్‌ని అసహ్యించుకుంటూ బతికాడు. అదే నాలుగేళ్ళు ముజీబ్ తనని ప్రేమిస్తూ బతికాడు, దొంగ అనుకుంటూనే. తనని అలా ఎవరైనా చూడగలరని తెలీదు. ఆ ప్రేమ ఇప్పుడు, తను నిజం చెప్పిన ఈ క్షణంలోనే, పోయింది.

"సార్‌కి చెప్పావా?" అడిగాడు ముజీబ్.

"ఇంకా లేదు."

"శుక్రవారం షాపు నీ పేరవుతోందిగా."

"నీకెవరు చెప్పారు?"

ముజీబ్ స్పాంజి ముక్కని పక్కకి జరిపాడు. "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

"ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని…"

"ఎదురుగా కూర్చుంటే నువ్వు మళ్ళీ అవునండి అంటావు. ఇప్పుడు చెప్పు."

ముజీబ్ తన సెల్‌ఫోను తీశాడు. నంబరు వెతకలేదు. ఒకే ఒక్క మీట అదిమి పట్టుకున్నాడు. స్పీకరు పెట్టి, ప్రాసెసరు పక్కన బల్ల మీద ఉంచాడు. ఒక్క మీటతో పలికేది ఇంట్లోవాళ్ళ నంబరే. ముజీబ్ పేరు షాపులో ఎవరూ ఎత్తకూడదని ఆంక్ష పెట్టింది ప్రకాశరావుగారు. నాలుగేళ్ళుగా ఆ ఆంక్షని ఒక్కసారి కూడా దాటని శిష్యుడు తను.

మూడోసారి మోగగానే ఎత్తారు.

"ఏరా ముజీబూ, ఇవాళ ఇంత ఆలస్యమైందేం? అన్నం తిన్నావా? పిల్లకి జొరం తగ్గిందా?"

ఆ గొంతుని రిజ్వాన్ పదేళ్ళుగా వింటున్నాడు. అందులో ఈ మెత్తదనం ఎప్పుడూ వినలేదు. తనతో మాట్లాడేటప్పుడు ఆయన ఎందుకో ఎప్పుడూ ఆచితూచి మాట్లాడేవారు, తాళం పెట్టిన పెట్టె పక్కన నడిచినట్టు. వయసు పెద్దరికం అనుకునేవాడు. అభిమానం అనుకునేవాడు.

"తగ్గింది సార్. రిజ్వాన్ వచ్చాడు. ఇక్కడే ఉన్నాడు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆ తర్వాత చాలా మెల్లగా, "చెప్పేశావా వాడికి? వాడే తీశాడని మనకు తెలుసని?"

"లేదు సార్. వాడే నాకు చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

ముజీబ్ ఫోనుని రెండు వేళ్ళతో రిజ్వాన్ వైపు నెట్టాడు.

చిన్న మాట. నాలుగేళ్ళ కిందట పలకాల్సింది. అప్పుడు పలికుంటే ఒక పూట తిట్లతో పోయేది. ఇప్పుడు దాని వెంట షాపు పోతుంది, పేరు పోతుంది, ఆయన దగ్గర మొహం చెల్లకుండా పోతుంది. పలక్కుండా ఉండటానికి నోరు ఎన్ని దారులు వెతుకుతుందో రిజ్వాన్ తన నోటినే గమనిస్తూ నిలబడ్డాడు. ముజీబ్ సాయం చెయ్యలేదు.

"సార్" అన్నాడు. "ఆ రోజు నేను చదవకుండానే పూశాను. ప్రాసెసరు ఎవరూ తియ్యలేదు. కుడిది ఎడమకి పెట్టాను. మీరడిగితే అబద్ధం చెప్పాను."

అవతల ఊపిరి వినిపించింది. ముసలి ఊపిరి, మెట్లు ఎక్కి ఆగినట్టు. వెనకాల ఆయన భార్య కనకదుర్గమ్మ ఎవరండీ, ఏమైందండీ అంటోంది. ఆయన ఆవిడకి జవాబు చెప్పలేదు.

"ఎవరూ తియ్యలేదా?"

"లేదు సార్."

"నువ్వూ తియ్యలేదు?"

"లేదు సార్."

"సరిగ్గా చెప్పు. దొంగతనమే జరగలేదంటావు."

"జరగలేదు సార్."

ముజీబ్ కనుబొమలు ముడిపడ్డాయి. ఈ గొంతు అతనికీ కొత్తగా ఉంది. బల్ల మీదికి వంగాడు. "సార్? వింటున్నారా?"

"మీరిద్దరూ అక్కడే ఉండండి" అన్నారు ప్రకాశరావుగారు. ఒక్కో మాటకీ మధ్య చోటు ఉంది. "మూడింటి బండికి నేనే వస్తున్నాను. నేను రాకుండా ఇద్దర్లో ఎవరూ ఎక్కడికీ పోవద్దు, ఎవరికీ ఏమీ చెప్పొద్దు. హనుమయ్యకైతే అసలే చెప్పొద్దు."

"ఎందుకు సార్?" అన్నాడు రిజ్వాన్.

"దొంగతనం జరిగిందనే నమ్మి నేనొక పని చేశాన్రా. జరగకపోతే…" ఆయన గొంతు తెగింది. "జరగకపోతే, నేను చేసినదాన్ని ఏమంటారు?"